మొలక కట్టి చూశారా?

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో విశ్రాంత ఉద్యోగులు కలుసుకున్న ఒక ఆదివారం ఉదయం, నగరంలో చాలా ఏళ్లుగా కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్న ఒక టెక్నీషియన్ మాట్లాడిన మాటలివి. ఫోన్‌లో రికార్డు చేసి రాసుకున్నవి.)

అందరికీ నమస్కారం. వెనకాల వరసకి వినబడుతోందా అండీ? ఫ్యాను చప్పుడు ఎక్కువుంది. వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నన్ను పిలిచినప్పుడు "కంప్యూటర్ భద్రత" మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నాకొద్దండీ. నేను రిపేరు చేసుకునేవాణ్ని. ఫైళ్లు ఎలా పోతాయో, పోయాక ఏవి వెనక్కొస్తాయో, ఏవి రావో రోజూ బల్ల మీద చూస్తుంటాను. ఆ ముక్క చెప్పి కూర్చుంటాను.

ముందు ఒక మాస్టారి సంగతి. పేరెందుకులెండి. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఓ రోజు పొద్దున్నే ఆటోలో కంప్యూటర్ పట్టుకొచ్చారు, ఆన్ అవటం లేదని. విప్పి చూస్తే హార్డ్ డిస్కు పోయింది. ఎలా చెప్పాలా అని నసుగుతూ "మాస్టారూ, ఇందులో ముఖ్యమైనవేమైనా..." అన్నాను. ఆయన నవ్వేసి, సంచిలోంచి అరచేతిలో పట్టేంత డ్రైవు, అంటే ఫైళ్లకి ఇంకో కాపీ తీసి దాచుకునే డబ్బా, తీసి బల్ల మీద పెట్టారు. "ప్రతి ఒకటో తారీఖూ, పెన్షన్ పడ్డ రోజున, బ్యాకప్ తీస్తాను బాబూ. మూడేళ్లయింది, ఒక్క నెల తప్పలేదు" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి కస్టమరు ఏడాదికొకరు వస్తే గొప్ప. డ్రైవు పెట్టి తెరిచాను. నెలకో ఫోల్డరు, తేదీ వేసి, చక్కగా వరసలో ఉన్నాయి. ఒకటి తెరిచాను. మనవరాలి బారసాల ఫొటోలు, ఇంటిపన్ను రసీదులు, ఆయన పిల్లల కోసం రాస్తున్న లెక్కల పుస్తకం, అన్నిటి పేర్లూ కనబడుతున్నాయి. కాకపోతే ప్రతి బొమ్మకీ ఎడమ పక్క కింద మూల ఒక చిన్న బాణం గుర్తుంది. సైజు చూస్తే 2 కేబీ. అన్నీ అంతే.

అవి షార్ట్‌కట్లండీ. డెస్క్‌టాప్ మీద కనబడే బొమ్మల్ని ఆయన నెలనెలా కాపీ చేశారు. షార్ట్‌కట్టంటే ఇంటి అడ్రసు రాసిన చీటీ. చీటీ 36 సార్లు నకలు తీశారు, ఇల్లు మాత్రం అక్కడే ఉండి కూలిపోయింది. ఆయన ఆ డ్రైవుని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "ఒక్కసారైనా వేరే కంప్యూటర్లో పెట్టి తెరిచి చూడాల్సింది కదూ" అన్నారు. నేనేమీ అనలేదు. లెక్కల మాస్టారికి లెక్క సరిచూడటం గురించి నేనేం చెబుతాను?

మాది చోడవరం దగ్గర పల్లె. మా తాత విత్తనం వడ్లు తిండి గాదెలో ఎప్పుడూ కలపనిచ్చేవాడు కాదు. వాటికి వేరే కుండ, వేరే గది. కొంత మా పెదతాత ఇంట్లో ఉండేది. ఇల్లు కాలినా విత్తనం మిగలాలని. అంతవరకే అయితే మాస్టారు చేసిందీ అదే. మా తాత ఇంకో పని చేసేవాడు. నారు పొయ్యడానికి ముందు నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి, నాలుగైదు రోజులు ఉంచేవాడు. విప్పి ఎన్ని మొలిచాయో చూసేవాడు. మొలక రాకపోతే ఆ కుండలో ఉన్నది విత్తనం కాదు, బియ్యానికి పనికొచ్చే గింజలే. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ గోనెగుడ్డ గురించేననుకోండి.

(బల్ల మీది వస్తువు ఒకటి పైకి ఎత్తి చూపిస్తూ) ఇది చచ్చిపోయిన హార్డ్ డిస్కు. మూత విప్పి తెచ్చాను. ముందు వరస నుంచి అందించుకోండి. జాగ్రత్తమ్మా, లోపల పళ్లెం గాజుది. అద్దంలా మెరుస్తోంది కదా, మొహం కూడా కనబడుతుంది. ఆ పళ్లెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 90. దాని మీద సూదిలాంటి చెయ్యి ఉంది చూశారా, దాని కొసన ఉన్న హెడ్డు పళ్లేన్ని తాకకుండా గాలి మీద తేలుతూ చదువుతుంది. మధ్యలో ఖాళీ ఎంతంటే, తల వెంట్రుకని వెయ్యి పొరలుగా చీల్చినా ఒక పొర పట్టనంత. అలాంటిది నడుస్తుండగా బల్ల మీంచి కిందపడితే ఏమవుతుంది? ఇప్పుడు ఆ పళ్లెం అంచు నుంచి వేలి వెడల్పంత లోపలికి చూడండి. గోరుతో గీసినట్టు గుండ్రంగా ఒక గీత ఉంది. ఆ గీత మీద ఒకళ్ల పెళ్లి ఉండేది.

అందుకని డ్రైవు టకటకమని చప్పుడు చేస్తే వెంటనే పీకెయ్యండి. మళ్లీ మళ్లీ పెట్టి "ఇంకోసారి చూద్దాం" అనొద్దు. ప్రతి సారికీ ఆ గీత వెడల్పవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరో చెబుతారు. లోపల చెమ్మ పట్టి, మిగిలింది కూడా పోతుంది. అలాగే డ్రైవు పెట్టగానే "ఫార్మాట్ చెయ్యాలా" అని అడిగితే అవునని నొక్కకండి. అది మిమ్మల్ని అడుగుతున్నది తుడిచెయ్యమంటావా అని.

ఇక మన ఊళ్లో ఎక్కువగా జరిగే పొరపాటు. మన షాపులవాళ్లు కంప్యూటర్ అమ్మేటప్పుడు ఒకే డిస్కుని సీ అనీ డీ అనీ ముక్కలు చేసి ఇస్తారు. నేనూ అలాగే ఇచ్చాను చాలా ఏళ్లు. పూర్ణా మార్కెట్లో ఒక హోల్‌సేల్ వ్యాపారి ప్రతి రాత్రీ ట్యాలీ, అంటే పద్దులు రాసుకునే సాఫ్ట్‌వేరు, దాని బ్యాకప్ డీ డ్రైవులోకి తీసేవారు. "సీ పోయినా డీ ఉంటాది కదా తమ్ముడూ" అనేవారు. ఒకే బీరువాలో పై అర, కింద అర. బీరువాకి నిప్పంటుకుంటే కింది అర మిగులుతుందా? రెండూ ఒకేసారి పోయాయి. బయటిది కావాలండీ. వేరే డబ్బా, వేరే వైరు.

ఏది కొనాలని అడుగుతారు. 1 టీబీ, అంటే వెయ్యి జీబీ, చాలు మనలాంటి వాళ్లకి. కొని పెట్టాక 931 జీబీ అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడని నా మీదకి వచ్చినవాళ్లున్నారు. కంపెనీ వెయ్యి లెక్కన కడుతుంది, విండోస్ 1,024 లెక్కన కొలుస్తుంది. గజాలకీ మీటర్లకీ ఉన్న తేడాలాంటిది, అంతే. కానీ ఆన్‌లైన్‌లో పదిహేను వందలకి 16 టీబీ అని కనబడితే అది మాత్రం మోసమే. లోపల చిన్న చిప్పు పెట్టి పైకి పెద్దదని అబద్ధం చెప్పిస్తారు. కాపీ అవుతున్నట్టే ఉంటుంది. తెరిస్తే ఫైళ్లుండవు.

ఫార్మాట్ గురించి ఒక్క ముక్క, అంటే డ్రైవు లోపల ఫైళ్లు పేర్చే పద్ధతి గురించి. పాత డ్రైవులు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటీ ఎక్కదు. పెళ్లి వీడియో ఎక్కటం లేదని వచ్చేవన్నీ అవే. విండోస్ మాత్రమే వాడితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకోండి. ఇంట్లో పిల్లల మ్యాక్ కూడా ఉంటే ఎక్స్‌ఫ్యాట్. వైరు గుచ్చేటప్పుడు లోపల నీలం నాలుక ఉన్న రంధ్రం చూసి గుచ్చండి. పాత నల్ల రంధ్రంలో 200 జీబీ ఎక్కడానికి దగ్గర దగ్గర రెండు గంటలు పడుతుంది. నీలం దాంట్లో కాఫీ తాగి ఓ కునుకు తీసేలోపు అయిపోతుంది. చిన్న చిన్న ఫొటోలు వేలల్లో ఉంటే మాత్రం ఇంకొంచెం ఓపిక పట్టాలి.

ఇప్పుడు చేసి చూపిస్తాను. అమ్మా, మీరు... అవును, మీరే, ఒకసారి ఇలా రండి. నా ల్యాప్‌టాప్ ఇది. స్క్రీను మీద అందరికీ కనబడుతోందా? డాక్యుమెంట్స్‌లో "చీటీ లెక్కలు" అని ఒక ఫైలుంది. ఏదో ఒక పేరు, ఒక రూపాయి లెక్క టైపు చెయ్యండమ్మా.

(ఆమె టైపు చేస్తారు. సభలో నవ్వులు.)

"సెక్రటరీ గారు బాకీ 5,000." సరే, సభలో ఒప్పుకున్నట్టే. సేవ్ చేశాం. ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్, సిస్టమ్ అండ్ సెక్యూరిటీ, ఫైల్ హిస్టరీ. 2012లో విండోస్ 8తో వచ్చింది ఇది. ఇప్పటికీ ఉంది, కొత్త సెట్టింగ్స్‌లో కనబడదు కాబట్టి ఎవరూ అటు పోరు. డ్రైవు పెట్టాను. టర్న్ ఆన్ నొక్కాను. మామూలుగా గంటకోసారి తనే చూసుకుని మారినవి దాచుకుంటుంది. మనకి తొందర కాబట్టి రన్ నౌ నొక్కుతున్నాను. అయిపోయింది. అమ్మా, ఇప్పుడు ఆ 5,000ని 500 చేసి సేవ్ చెయ్యండి. సెక్రటరీ గారు బతిమాలుకున్నారనుకుందాం. మళ్లీ రన్ నౌ. సరే. ఇప్పుడు ఫైలుని పట్టుకుని షిఫ్ట్ నొక్కి డిలీట్ చెయ్యండి. చెత్తబుట్టలోకి కూడా పోకుండా.

పోయింది. చూశారుగా, ఫోల్డర్లో లేదు.

ఇదిగో ఇక్కడ ఎడమ పక్కన "రిస్టోర్ పర్సనల్ ఫైల్స్" అనుంది. నొక్కితే ఆల్బమ్‌లాగా తెరుచుకుంటుంది. కింద ఎడమకీ కుడికీ బాణాలు. ఎడమది నొక్కితే కాలం వెనక్కి పోతుంది. ఇది కాసేపటి కిందటిది. తెరిస్తే బాకీ 500. ఇంకొకటి వెనక్కి. 5,000. (చప్పట్లు) సెక్రటరీ గారూ, దొరికిపోయారు.

మధ్యలో ఆకుపచ్చ బటన్ ఉంది. అది నొక్కితే పాత చోటే తిరిగొస్తుంది. నేను మాత్రం దాన్ని నొక్కనివ్వను. పైన మూల పళ్లచక్రం గుర్తు నొక్కి, "రిస్టోర్ టు" అని, కొత్త ఫోల్డర్లోకి తెప్పించండి. ఎందుకంటే అదే పేరుతో అక్కడ ఇవాళ్టి ఫైలుంటే, తొందరలో రీప్లేస్ నొక్కేస్తే ఇవాళ్టి పని మీద నిన్నటిది వచ్చి కూర్చుంటుంది. బాగుచెయ్యబోయి పోగొట్టుకున్నవాళ్లని చూశాను. ట్యాలీలో అయితే మరీను. పాతది తెప్పించే ముందు ఇప్పుడున్నదాన్ని ఇంకోచోటికి కాపీ చేసి అప్పుడు మొదలెట్టండి.

దీంతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఇది డెస్క్‌టాపు, డాక్యుమెంట్లు, ఫొటోలు, వీడియోలు, పాటలు, ఈ ఫోల్డర్లనే చూస్తుంది. మీరు డీలో "నాన్నగారివి" అని ఫోల్డరు పెట్టుకుంటే అది దానికి తెలీదు. దాని మీద రైట్ క్లిక్ చేసి లైబ్రరీలో చేర్చాలి, అప్పుడే పట్టించుకుంటుంది. రెండోది, మేఘం బొమ్మ ఉన్న ఫైళ్లు. అవి మీ కంప్యూటర్లో లేవు, వన్‌డ్రైవ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల దగ్గర ఉన్నాయి. కనబడుతున్నాయి కదా అని బ్యాకప్‌లోకి వచ్చేశాయనుకోకండి.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. రేపు ఈ ల్యాప్‌టాపే లేకపోయినా, ఆ డ్రైవుని ఏ కంప్యూటర్లో గుచ్చినా లోపల ఫైల్ హిస్టరీ అనే ఫోల్డరు ఉంటుంది. తవ్వుకుంటూ పోతే మీ ఫైలు, పేరు వెనకాల తేదీ, టైమూ తగిలించుకుని, మామూలు ఫైలులాగే ఉంటుంది. కాపీ చేసుకోవటమే. మొలక కట్టటం అంటే అదే. నెలకోసారి పక్కింటి వాళ్ల కంప్యూటర్లో గుచ్చి, ఒక ఫొటో, ఒక లెక్కల ఫైలు, ఒక వీడియో తెరవండి. పేరు చూసి మూసెయ్యకండి. వీడియో మధ్యలోకి లాగి ఆడించండి.

కొంచెం తెలిసినవాళ్లకి ఒక హెచ్చరిక. రోబోకాపీ అని ఫైళ్లు కాపీ చెయ్యడానికి విండోస్‌లోనే ఒక కమాండు ఉంది, బంగారం లాంటిది. అందులో మిర్రర్ అనే ఆప్షను పెడితే ఇక్కడ లేనిది అక్కడా లేకుండా చేస్తుంది. దారి తారుమారు రాసి, ఖాళీ డ్రైవుని అసలు దాని మీదకి "అద్దం పట్టించిన" కుర్రాడు ఒకడు నా దగ్గరే పనిచేసేవాడు. ఇప్పుడు బెంగుళూర్లో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం అన్నం తినలేదు.

కాపీ అయిపోయాక డ్రైవు పీకెయ్యాలి. ఇది చాలామంది చెయ్యరు. ఎప్పుడూ గుచ్చే ఉంచుతారు, అదే తీసుకుంటుంది కదా అని. 2017 మే 12న వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది గుర్తుందా? ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగేది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలిందని అప్పుడు పేపర్లలో చదివాం. అలాంటివి కంప్యూటర్లో ఏ డ్రైవు గుచ్చి ఉంటే దానికీ తాళం వేస్తాయి. బీరువాలో ఉన్న డ్రైవుని మాత్రం ఏమీ చెయ్యలేవు. వైరు లేదుగా.

ఇక వేరే గది సంగతి, అంటే మా పెదతాత ఇల్లు. ఇది నా సొంత గోల. 2014 అక్టోబరు 12, ఆదివారం. మీకు చెప్పక్కర్లేదు, అందరం ఇక్కడే ఉన్నాం. హుద్‌హుద్ తుపాను. గాలి తగ్గాక షాపుకి వెళ్లడానికే రోజు పట్టింది, రోడ్డు నిండా చెట్లే. షట్టరు వంగిపోయి ఉంది. వెనక కిటికీ అద్దాలు పగిలి, వాన తిన్నగా నా బల్ల మీదకి కొట్టింది. కంప్యూటర్ తడిసింది. బ్యాకప్ డ్రైవు ఎక్కడుంది? అదే బల్ల సొరుగులో. సొరుగు లాగితే నీళ్లు ఒలికాయి. అప్పటికి పదేళ్లుగా ఊరందరికీ బ్యాకప్ గురించి చెబుతున్నవాణ్ని నేను!

కరెంటు రావడానికే రోజులు పట్టింది కాబట్టి తడిసిన డ్రైవుని ఆత్రంగా గుచ్చే అవకాశం లేకపోయింది. అదొక్కటే అదృష్టం. అయినా ఆ డ్రైవు బతకలేదు. చివరికి నన్ను కాపాడింది మా తోడల్లుడు. జూన్‌లో రాజమండ్రి వెళ్లినప్పుడు వాళ్ల పాపకి సినిమాలు ఇద్దామని ఒక డ్రైవు తీసుకెళ్లాను. అందులో నా లెక్కలన్నీ కూడా ఉన్నాయి, నేను మర్చిపోయి అక్కడే వదిలేశాను. నాలుగు నెలల లెక్క పోయింది, మిగతాది వచ్చింది. పాపం ఆ పిల్ల నా సర్వీసు బిల్లుల మధ్య కార్టూన్లు వెతుక్కునేదట.

ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల సామాన్ల మీద, ఒకటి ఊరికి దూరంగా. దూరం అంటే మనకి భీమిలి చాలదు. అదే తుపాను అక్కడికీ వస్తుంది. రాజమండ్రో హైదరాబాదో, పిల్లలున్న ఊరో పెట్టుకోండి. పండక్కి వచ్చినప్పుడు ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకోండి. ఇంట్లో ఉన్నదాన్ని గట్టి మూత ఉన్న డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే పొట్లాలుంటాయి కదా, అవి రెండు వేసి దాచండి. లాసన్స్ బే వైపు ఉండేవాళ్ల గ్రిల్సు చూడండి, ఏడాదికోసారి రంగు వేస్తే గానీ ఆగవు. ఆ ఉప్పుగాలి డ్రైవు పిన్నుల్ని మాత్రం వదిలేస్తుందా?

డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీరా అండీ. అయితే మీకు తెలిసే ఉంటుంది. మా బావమరిది శుభలేఖలు వేస్తాడు, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. కంప్యూటర్ పోతే ఫైళ్లన్నీ బ్రహ్మాండంగా తిరిగొచ్చాయి. తెరిస్తే "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ. "ఏటి బావా ఇది, ఫైలు పాడైపోనాదా?" అని గోల. ఫైలు పాడవలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో లేవు, ఫాంటు లేకపోతే ఆ ఫైలుకి తెలుగే రాదు. ముహూర్తం ఎల్లుండి, కార్డు ఇవాళ ప్రెస్సుకి వెళ్లాలి. ఫాంట్లు, సాఫ్ట్‌వేరు, దాని లైసెన్సు సామగ్రి కూడా అదే డ్రైవులో ఒక ఫోల్డర్లో పెట్టుకోవాలి. విత్తనం ఉంది, మడి లేదు అన్నట్టయింది ఆ రోజు.

అలాంటిదే ఇంకోటి, కొత్త ల్యాప్‌టాపులకి. విండోస్ 11వి చాలావాటిల్లో డిస్కుకి తనంతట తనే తాళం పడి ఉంటుంది. బోర్డు పోయి డిస్కు బయటికి తీస్తే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ఇవాళే చూసి కాగితం మీద ప్రింటు తీసి, ఇంటి దస్తావేజుల్లో పెట్టండి. ఆ కంప్యూటర్లోనే సేవ్ చేసుకోకండి, తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయి కాబట్టి మార్పించుకోవడానికి చాలామంది వస్తున్నారు. మార్చే ముందు బ్యాకప్, బ్యాకప్ తరవాత మొలక. నా దగ్గరికొచ్చినా సరే, "మేం చూసుకున్నాం" అని మీరు చెప్పేదాకా నేను స్క్రూ విప్పను.

ఇంక మీరు అడగండి.

(ఒకరు: మా అబ్బాయి అన్నీ గూగుల్లో పెట్టేశాడండీ. మళ్లీ ఈ డ్రైవెందుకు?)

మంచి పని చేశాడు, ఊరికి దూరంగా ఉండాల్సిన కాపీ అదే అనుకోండి. కానీ గూగుల్ ఫొటోస్‌లో ఒకచోట చెరిపితే రెండోచోటా చెరుగుతుంది. బుట్టలో 60 రోజులుంటుంది, ఆ తరవాత లేదు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిలు, ఫొటోలు, అన్నీ. నిండితే కొత్తవి ఎక్కటం ఆగిపోతుంది, మనం చూసుకోం. పైగా పాస్‌వర్డు మీ అబ్బాయికి తెలుసు, మీకు తెలుసా అండీ?

(ఒకరు: ఎస్‌ఎస్‌డీ డ్రైవు మంచిదంటున్నారు?)

కిందపడితే మంచిదే, లోపల తిరిగే పళ్లెం లేదు. వేగం కూడా. కానీ కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అందులో దాచింది మెల్లగా కారిపోవచ్చు. రోజూ తిప్పుకోడానికి అది, దాచి ఉంచడానికి ఈ పళ్లెంది. నా అలవాటు ఇది.

(ఒకావిడ: మా అమ్మాయి పెళ్లి సీడీలున్నాయి బాబూ, 2003వి. కంప్యూటర్లో సీడీ పెట్టే చోటే లేదు ఇప్పుడు.)

ఎన్నున్నాయమ్మా? ఆరా. మెరిసే వైపు చూస్తే మబ్బు పట్టినట్టుందా? బట్టతో రుద్దకండి, అలాగే కవర్లో ఉంచండి. నా షాపులో సీడీ డ్రైవు ఇంకా ఉంది, వాటి కోసమే దాచాను. రేపు పదకొండు దాటాక పట్రండి. ఖాళీ డ్రైవు కూడా ఒకటి తెండి. కాపీ అవుతుంటే పక్కన కూర్చుని ఆరూ చూసుకుందురుగాని, అప్పగింతల దాకా.